తొంభై రోజుల నిలకడ

కింది గది నుంచి వంటింట్లోకి పదకొండు మెట్లు. నవంబరు మూడో తేదీ ఉదయం లోర్న్ ఉప్పు బస్తా ఎత్తుకుని పైకి వస్తూ ఆరో మెట్టు మీద ఆగాడు. నేను పైన తలుపు దగ్గర ఉన్నాను. బస్తాను మెట్టు మీద దించి, గోడకు ఆనుకుని, ఎడమ పిడికిలి బిగించాడు, విప్పాడు. మళ్ళీ బిగించాడు. నిమిషం దాటింది. తర్వాత బస్తా ఎత్తుకుని మిగిలిన ఐదు మెట్లూ ఎక్కాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుంది? బస్తా బరువు."

ఆ బస్తా ఇరవై కిలోలు. గుమ్మం ముందు మంచు గడ్డకట్టకుండా చల్లే ఉప్పు. పోయినేడు రెండేసి బస్తాలు తెచ్చాడు. లోర్న్ నా భర్త. డెబ్బై ఒకటి వెళ్ళాయి. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి ముప్పై నాలుగేళ్ళు నడిపాడు. 'బరువు' అన్న మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు.

ఇంకో ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు ఆ నిమిషంలోనే తెలుసు.

మాది కెనడాలో ఓవెన్ సౌండ్. నవంబరు వచ్చిందంటే సరస్సు మీంచి మబ్బు వచ్చి ఊరి మీద కూర్చుంటుంది. మార్చి దాకా లేవదు. మిగతావాళ్ళకి అది వాతావరణం, నాకు జబ్బు. ఎండ లేక మనసు కుంగిపోయే జబ్బని డాక్టరు దానికి పేరు కూడా చెప్పాడు. మాత్రలిచ్చాడు. రోజూ పొద్దున అరగంట ముందు కూర్చోమని ఎండలా వెలిగే ఒక దీపం పెట్టె రాశాడు. అవి కొంత పనిచేస్తాయి. ఊరు వదిలి ఎండ ఉన్న చోటికి పోవడం పూర్తిగా పనిచేస్తుంది. ఏడేళ్ళపాటు జనవరి, ఫిబ్రవరి నెలలు ఫ్లోరిడాలో గడిపాం.

పోయిన చలికాలం వెళ్ళలేదు. డిసెంబరులో లోర్న్ చెల్లెలు ఇసబెల్ పోయింది. ఆ పనుల్లో ఉండిపోయాం. జనవరిలో పంతొమ్మిది రోజులు నేను మంచం దిగలేదు. ఇరవయ్యో రోజున లోర్న్ కారు తాళాలూ నా మాత్రల సీసాలూ పట్టుకెళ్ళి పక్కింటి డోరీన్ దగ్గర పెట్టి వచ్చాడు. నా చేతికి అవి అందకూడదని.

ఏప్రిల్లో ఒక నోటుపుస్తకం కొన్నాడు. ఎడమవైపు ఊరి పేరు, కుడివైపు జనవరిలో అక్కడ ఎండ కాసే గంటలు. ఆయా ఊళ్ళ పర్యాటక కార్యాలయాలకి ఫోన్లు చేసేవాడు. అవతలి అమ్మాయి సముద్రం గురించి మొదలుపెడితే, "అందం సంగతి నేనడగలేదమ్మా. గంటలు చెప్పు" అనేవాడు. ఇరవై ఆరు ఊళ్ళు రాశాడు. ఒక్కొక్కటే కొట్టేశాడు. చివరికి అరిజోనాలో యుమా మిగిలింది. అక్కడ రెండు నెలలకి ఒక ట్రైలరు ఇల్లు అద్దెకి మాట్లాడాం. జనవరి మూడున ప్రయాణం.

అమెరికా వెళ్ళే మావాళ్ళు ఇన్సూరెన్సు లేకుండా సరిహద్దు దాటరు. ఆ ఇన్సూరెన్సుకి ఒక షరతు ఉంది. ప్రయాణానికి ముందు తొంభై రోజులు ఒంట్లో నిలకడ ఉండాలి. కొత్త జబ్బు ఉండకూడదు, కొత్త మాత్ర ఉండకూడదు, పాత మాత్ర మోతాదు మారకూడదు. మారితే ఆ జబ్బుకి వాళ్ళు పూచీ పడరు. అందుకని మా వీధిలో ఒక ఆచారం ఉంది. అక్టోబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ విందు ముగిశాక ఎవరూ డాక్టరు గడప తొక్కరు.

నవంబరు ఆరున డోరీన్ పేకాటకి వచ్చింది. లోర్న్ ముక్కలు పంచుతున్నాడు.

"ఏం లోర్న్, ముఖం ఆ రంగులో ఉందేం?" అంది.

"ఇంటికి వేయగా మిగిలింది, పారేయడం ఎందుకని పూసుకున్నా."

"ఏదైనా ఉంటే జనవరి దాకా దాచుకో. మా మెర్విన్ బొటనవేలు వాచి వంకాయంత అయితే, బూటు ముందుభాగం కోసి తొడుక్కున్నాడు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడా? ఫ్లోరిడా వెళ్ళేదాకా కుంటుతూనే ఉన్నాడు."

"మెర్విన్ మొదట్నుంచీ కుంటేవాడేగా. పెళ్ళినాటి ఫోటోలో కూడా వంకరగానే ఉంటాడు."

"అది నన్ను చూసి వంగాడులే. ఒసేయ్ వెర్నా, మీ ఆయనకి చెప్పు. చచ్చేదుంటే యుమాలో దిగాక చావమను, ఇక్కడ కాదు."

లోర్న్ నవ్వాడు. డోరీన్ నవ్వింది. నేను నా చేతిలో ముక్కలు సర్దుకున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

రోజూ పొద్దున దీపం ముందు నేను కూర్చోగానే లోర్న్ ఒక ప్రశ్న అడుగుతాడు. "ఇవాళ ఎంత?" పదంటే జూలై నెల. సున్నా అంటే పోయిన జనవరి. నవంబరు ఏడున ఆరన్నాను. నిజానికి నాలుగు. తొమ్మిదిన కూడా ఆరన్నాను. అప్పటికి మూడు.

అతనెంత అని నేను అడగలేదు. చూశాను. ఐదున ఉత్తరాల డబ్బా దగ్గర ఆగాడు. ఎనిమిదిన మొదటి మంచు పడింది. పార పట్టుకుని దారి సగం దాకా తీసి లోపలికి వచ్చేశాడు.

"మిగతాది?" అన్నాను.

"ఎండకి కరుగుతుంది."

"ఏ ఎండకి?"

బూట్లు విప్పడానికి బల్ల మీద కూర్చుని, విప్పకుండా చాలాసేపు ఉన్నాడు. పైపెదవి మీద చెమట. బయట సున్నాకి నాలుగు డిగ్రీలు కింద.

వంటింటి క్యాలెండరులో నేను రోజులు కొట్టేస్తూ వచ్చాను. జనవరి మూడుకి యాభై ఆరు, యాభై ఐదు, యాభై నాలుగు. అతను ఆగిన ప్రతిసారీ నా ఆలోచన రెండు ముక్కలయ్యేది. ఒకటి, ఇది గుండె. రెండోది, డాక్టరు ఒక్క మాత్ర రాశాడంటే యుమా లేదు. రెండోది తర్వాత వచ్చేదని చెప్పుకోవాలని ఉంది. కొన్నిసార్లు అదే ముందు వచ్చేది.

పద్నాలుగున లోర్న్ కారు టైర్లు మార్పించడానికి వెళ్ళాడు. నేను సొరుగులోంచి ఇన్సూరెన్సు పుస్తకం తీశాను. ముప్పై ఎనిమిది పేజీలు. అంతకుముందు మా ఇద్దరిలో ఎవరమూ చదవలేదు. మాకు షరతులు చెప్పింది డోరీన్. ఏదైనా దారి ఉంటుందేమోనని వెతికాను. ఏదో ఒక మాత్రకి మినహాయింపు ఉండకపోతుందా అని.

ఇరవై రెండో పేజీలో ఉంది. కొత్తగా ఏ లక్షణం కనబడినా నిలకడ లేనట్టే. డాక్టరుకి చూపించినా, చూపించకపోయినా.

మూడుసార్లు చదివాను. తర్వాత అతను వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. టైర్ల కొట్టు పది నిమిషాల దూరం. అతను వెళ్ళి గంటంపావు అయింది. అన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నదాన్ని, ఆ గంటంపావు నిలవలేకపోయాను. కొట్టుకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి వాళ్ళు, "బయల్దేరాడమ్మా, ఇప్పుడే" అన్నారు.

కోటు విప్పకముందే అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"మెట్ల మీద ఆగడం."

టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. "అక్టోబరు పన్నెండు."

పుస్తకం అతని ముందు పెట్టి వేలుతో చూపించాను. కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. పేజీ తిప్పి వెనక ఏముందో చూసి మళ్ళీ ముందుకు వచ్చాడు.

"అయితే ఈ నెల్రోజులూ దాచింది..."

"దేనికీ పనికిరాలేదు. యుమా పన్నెండో తారీకునే అయిపోయింది."

"డోరీన్ ఇది చెప్పలేదే."

"డోరీన్ చదివితే కదా చెప్పడానికి."

కుర్చీలో కూర్చున్నాడు. "వెర్నా, నిన్ను ఇంకో జనవరి ఇక్కడ పెట్టలేను. కారు తాళాలు పట్టుకుని డోరీన్ గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నేను. నువ్వు కాదు."

"నేను చూశాను," అన్నాను. "ఉప్పు బస్తా రోజునే చూశాను. పదకొండు రోజులు మాట్లాడలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"తలుపు దగ్గరే ఉన్నావుగా."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఆస్పత్రికి ఫోన్ చేశాను. నర్సు నాలుగు ప్రశ్నలు వేసింది. ఐదోది వేయకుండా, ఫోన్ పెట్టేసి అంబులెన్సుని పిలవమంది. అంబులెన్సులో లోర్న్ పడుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ, "చూశావా, అంచులు తోయలేదు. ఎవడు నడుపుతున్నాడో బండి," అన్నాడు. మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. అది తీసి మాట్లాడి మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత కిచెనర్‌లో పెద్దాస్పత్రిలో రెండు స్టెంట్లు వేశారు. వేసిన డాక్టరమ్మది, మాకు కూతురుంటే ఉండేంత వయసు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి, లోర్న్ గారూ?"

"నెల దాటింది."

"మరి ఎందుకు రాలేదు?"

"జనవరి మూడున ప్రయాణం ఉందండీ."

ఆమె కాగితంలోంచి తలెత్తి నన్ను చూసింది, అతన్ని చూసింది. "ఏటా ఈ రోజుల్లో మీలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారు. రానివాళ్ళ లెక్క నా దగ్గర లేదు," అంది.

ఇంటికొచ్చాక ఒక ఒప్పందం చేసుకున్నాం. అతను ఎక్కడ ఆగినా ఎందుకు ఆగాడో చెప్పాలి. నేను అంకె సరిగ్గా చెప్పాలి. డిసెంబరు రెండున అతను "ఎంత?" అని అడిగితే "రెండు" అన్నాను. అతను వెళ్ళి నోటుపుస్తకం తెచ్చాడు.

ఇరవై ఆరు పేర్లలో పంతొమ్మిదోది మెడిసిన్ హ్యాట్. ఆల్బెర్టాలో ఉంది. కొట్టేసి పక్కన 'చలి' అని రాసి ఉంది.

"సున్నాకి ఇరవై కింద ఉంటుందక్కడ," అన్నాను.

"నువ్వు అడిగింది ఎండ. వేడి కావాలని ఎప్పుడన్నావు?"

"అనలేదు."

"మనదేశమే. ఏదైనా అయితే మన హెల్త్ కార్డే చూపిస్తాం. పుస్తకాలు చదవక్కర్లేదు."

"నీ గుండె?"

"దాన్నీ తీసుకెళ్దాం. ఇక్కడ వదిలేస్తే, మన మొక్కల్లాగే, డోరీన్ నీళ్ళు పోయదు."

డాక్టరు జనవరి మధ్యలో విమానం ఎక్కవచ్చంది. డోరీన్ మా సామాను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "చలికాలంలో చలికి పారిపోయేవాళ్ళని చూశాను. చలిలోకి పారిపోయేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా. ఇక్కడ మంచు చాల్లేదటే?" అంది. పేకముక్కల కట్ట నా సంచిలో పెట్టింది. వెళ్ళేటప్పుడు మెర్విన్ మొన్నటి నుంచి మెట్ల మీద ఆగుతున్నాడని నెమ్మదిగా చెప్పింది. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాను. తీసుకెళ్ళింది. వాళ్ళూ ఫ్లోరిడా వెళ్ళలేదు.

మెడిసిన్ హ్యాట్‌లో మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. దక్షిణం వైపు కిటికీ ఉండాలని మాత్రమే అడిగాను. మొదటిరోజు ఎండ పడినచోట నేల మీద కూర్చున్నాను. అది జరిగినకొద్దీ నేనూ జరిగాను. అంకె రెండే. మూడోరోజుకి మూడు. ఇంతకన్నా పెరగదేమో, ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని లోర్న్ మొహం చూడలేకపోయాను. ఆరోరోజుకి నాలుగు.

రోజుకి రెండుసార్లు నడవమని అతనికి డాక్టరు చెప్పింది. వీధి చివర పోస్టు డబ్బా దాకా రెండు వందల పది అడుగులు. నేను కిటికీలోంచి చూస్తాను. కోటు కొనడానికి ఒకసారి కలిసి వెళ్ళాం తప్ప, అతను నన్ను రానివ్వడు. "ఎండలో కూర్చోవడం నీ పని. నడవడం నాది," అంటాడు.

తొమ్మిదోరోజు పొద్దున అతను సగం దారి దాటాక ఆగాడు. ముందుకు వంగాడు. లేవలేదు.

నేను మెట్లు దిగిన సంగతి నాకు గుర్తులేదు. వీధిలో ఉన్నాను. కాళ్ళకి ఇంట్లో చెప్పులు, ఒంటి మీద కోటు లేదు. నూట ఇరవై అడుగులు పరుగెత్తాను.

"లోర్న్!"

తలెత్తాడు. "బూటు లేసు ఊడింది."

"నిజం చెప్పు."

"నిజమే. ఇదిగో చూడు." కాలు చాపాడు. లేసు ఊడి ఉంది. "వంగితే ఊపిరి కొంచెం పట్టింది. అదీ చెబుతున్నా. ఒప్పందం కదా."

"ఎంతసేపు?"

"నువ్వు అరిచేదాకా. అరవగానే వదిలింది."

మోకాళ్ళ మీద కూర్చుని లేసు కట్టాను. రెండుసార్లు జారింది. మూడోసారి ముడి పడింది. లేవగానే తన టోపీ తీసి నా తలకి పెట్టాడు. ఇద్దరి నీడలూ మంచు మీద పడ్డాయి.

"ఇవాళ ఎంత?" అన్నాడు.

"నీ లేసు ఊడేదాకా ఐదు."

"ఇప్పుడు?"

"నాలుగు. మూడున్నర."

"నయమే," అన్నాడు. డబ్బా దాకా వెళ్ళొస్తానన్నాడు. వద్దనలేదు. ఇంకా తొంభై అడుగులున్నాయి. అక్కడే నిలబడి లెక్కపెట్టాను.