హైలైట్స్‌లో నెరిస్ నవ్వు

గెలిచిన రోజు వేసుకున్న గౌను ఉతక్కూడదని అత్తగారి శాసనం. ఉతక్కపోతే చెమట కంపు కొడుతుందని నెరిస్ బాధ. అందుకని ఆదివారం పొద్దున్నే ఆవిడ చర్చికి వెళ్ళేదాకా ఆగి, స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని, పంపు సన్నగా వదిలి, తన గౌను తనే దొంగతనంగా ఉతుక్కుంటోంది. ఒకప్పుడు వేల్స్‌లో స్వాన్సీ ఆసుపత్రిలో విరిగిన కాళ్ళవాళ్ళని మళ్ళీ నడిపించిన మనిషి నెరిస్. ఆవిడ చెయ్యి పడితే పట్టేసిన భుజమైనా వదులుతుందని పేరుండేది. ఇప్పుడు చంకల దగ్గర మాత్రమే సబ్బు రాసి, మిగతా గౌను తడవకుండా పైకెత్తి పట్టుకుని నిలబడింది. మొత్తం తడిస్తే అదృష్టం నీళ్ళలో పోతుందట. ఆ మాట నమ్మదు. అయినా గౌను పైకెత్తే పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నానా అని తనకే సిగ్గేసింది.

ఆ గౌను సంగతి చెప్పాలి. నీలం రంగు మీద తెల్ల చుక్కలు. మొదటి టెన్నిస్ మ్యాచ్ రోజు పెట్టెలో పైన ఉంది కదా అని వేసుకుంది. ఆ రోజు ఆవిడ మొగుడు ఎమ్లిన్ గెలిచాడు. వింబుల్డన్‌లో అంతకుముందు ఎన్నిసార్లు ఆడినా రెండో రౌండు దాటని మనిషి, ఈసారి నిర్వాహకులు దయతలచి వైల్డ్ కార్డు ఇస్తే వచ్చినవాడు, రెండోదీ గెలిచాడు, మూడోదీ గెలిచాడు. ఇక చూసుకోండి. ఏదీ మారడానికి వీల్లేదు. రోజూ అదే గౌను, ఆటగాడి మనుషులు కూర్చునే బాక్సులో రెండో వరుసలో అదే కుర్చీ, రాత్రికి అదే కోడి ముక్కల పాస్తా. కోచ్ ఐవర్ గడ్డం గీసుకోవడం మానేశాడు. ఐవర్‌కి ఒక పని తగ్గింది, నెరిస్‌కి పెరిగింది. గడ్డి కోర్టులో పడి లేచేది ఎమ్లిన్, మరకలు వదిలించేది నెరిస్. అక్కడ తెలుపు తప్ప ఇంకో రంగు వేసుకోనివ్వరు మరి. వెనిగర్ పోసి నానబెట్టి, బ్రష్షు పెట్టి తోమి తోమి ఆవిడ వేళ్ళ చివర్లు ముడతలు పడిపోయాయి. నిక్కర్లు మాత్రం పాలనురుగులా మెరుస్తున్నాయి.

రాకెట్లకి తీగలు కట్టించుకు రావడం, అరటిపళ్ళు, హోటళ్ళు, విమానం టిక్కెట్లు, పన్ను కాగితాలు, నిద్రపోయే ముందు భుజం పట్టడం, అన్నీ నెరిస్ పనులే. పెళ్ళయిన కొత్తలో, "ఒక్క ఏడాది నాతో రా, నా ర్యాంకు పెరిగాక మళ్ళీ ఉద్యోగంలో చేరుదువుగాని," అన్నాడు ఎమ్లిన్. ర్యాంకూ పెరగలేదు, ఏడాదీ అయిపోలేదు. ఈలోగా సియాన్ పుట్టింది, దానికి ఆరేళ్ళొచ్చాయి. కోచ్‌కి జీతం ఉంది. తీగలు కట్టేవాడికి కూలి ఉంది. ఒకసారి ఏదో దరఖాస్తులో వృత్తి అని అడిగితే నెరిస్ కలం పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయింది. ఎమ్లిన్ భుజం మీంచి తొంగిచూసి, "అదృష్టం అని రాయి!" అని నవ్వాడు. శనివారం గెలిచాక కోర్టులోనే మైకు పట్టుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. ఐవర్‌కి చెప్పాడు, అమ్మకి చెప్పాడు, జనానికి చెప్పాడు. "ఇంకా, మా ఆవిడ గౌనుకి!" అన్నాడు. స్టేడియమంతా గొల్లున నవ్వింది. గౌను లోపల ఉన్న మనిషి కూడా నవ్వింది.

అలాంటి నవ్వే కొంప ముంచింది.

శనివారం సాయంత్రం అందరూ టీవీ ముందు చేరారు, హైలైట్స్ చూడ్డానికి. సౌత్‌ఫీల్డ్స్‌లో కోర్టులకి దగ్గర్లో, రొట్టెల దుకాణం పైన అద్దెకి తీసుకున్న రెండు గదులు. కింద నుంచి కాలిన వెన్న వాసన. ఆ రెండు వారాలూ ఆ చుట్టుపక్కలంతా జాతరే. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన ఆటగాళ్ళు, పచ్చిక కోర్టులు వరసగా, టిక్కెట్టు కోసం పార్కులో గుడారాలు వేసుకుని పడుకునే జనం, కొండవాలు మీద దుప్పట్లు పరుచుకుని పెద్ద తెరలో ఆట చూసేవాళ్ళు, గిన్నెల్లో మీగడ పోసిన స్ట్రాబెర్రీలు. అంత మహాసముద్రంలో తననెవరు చూస్తారులే అనుకుని బతికేస్తోంది నెరిస్. టీవీవాడు చూశాడు. నాలుగు గంటల మ్యాచ్‌ని నాలుగు ముక్కలు చేసి వేస్తే అందులో ఒక ముక్క నెరిస్‌ది.

మూడో సెట్లో ఎమ్లిన్ తేలిక బంతి నెట్‌కి కొట్టి, బాక్సు వైపు తిరిగి అరిచాడు. "శవాల్లా కూర్చున్నారేం? లేవండి! నెరిస్, నిన్నే! నిద్రొస్తోందా?" కెమెరా గబుక్కున ఆవిడ మొహం మీదకి వెళ్ళింది. టీవీలో ఆ మొహం తెర నిండా ఉంది. నవ్వుతోంది. పళ్ళు కనపడేలా నవ్వుతూ, తలాడిస్తూ, చప్పట్లు కొడుతోంది. "పాపం, ఎంత ఓపికో ఆ తల్లికి!" అన్నాడు వ్యాఖ్యాత. ఇన్నేళ్ళుగా నెరిస్ తిట్లు విన్నదే గానీ తిట్లు తినేటప్పుడు తన మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. అరిచినందుకు కాదు, ఆ నవ్వు చూసి ఆవిడకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఎవరో పరాయి ఆడది అలా నవ్వుతుంటే చూసినా జాలి కంటే ముందు అసహ్యం వేసేది.

"అందరి ముందూ ఎందుకలా అరుస్తావ్?" అంది, పాస్తా వడ్డిస్తూ, వీలైనంత మామూలుగా.

"నీ మీద కాకపోతే ఎవరి మీద అరవను?" అన్నాడు ఎమ్లిన్, నోట్లో ముద్దతో. "అంపైర్ మీద అరిస్తే జరిమానా. రాకెట్ విరగ్గొడితే జరిమానా. నువ్వయితే ఉచితం!"

ఐవర్ పగలబడి నవ్వాడు. అత్తగారు గ్లెనిస్ కూడా నవ్వి, కోడలి మొహం చూసి సర్దుకుంది. "వాడరిచేది నీ మీద కాదమ్మాయ్, బంతి మీద. మీ మామగారయితే గనిలోంచి వచ్చి పళ్ళాలు విసిరేవారు. మావాడు మాటలేగా విసిరేది. మాటలు తగిలితే పగిలేదేముంది?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. ఆ ఇంట్లో దుత్త పేరు నెరిస్. దుత్తకి నోరుండదు కాబట్టి పాస్తా గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. శనివారం ఆ అరుపుకి కాసేపటి ముందు, అవతలివాడు గీత పక్కనుంచి మెరుపులా ఒక బంతి కొట్టాడు. ఎమ్లిన్ అందుకోలేకపోయాడు. నెరిస్ లోపల ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఓడిపోతే బాగుండును అనిపించింది. ఓడిపోతే ఇంటికి వెళ్ళిపోవచ్చు, తన పక్క మీద తను పడుకోవచ్చు, నవ్వక్కర్లేదు. మరుక్షణం ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది, తేలు కుట్టిన దొంగలా. ఇరవై ఏళ్ళుగా ఆ ఆటే ప్రాణంగా బతికిన మనిషి ఓడిపోవాలని కట్టుకున్నది కోరుకోవడమా! అప్పటి నుంచీ ఆ పాపానికి పరిహారంలా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది, ఇంకా వెడల్పుగా నవ్వింది. టీవీవాడు పట్టుకున్నది అక్కడే.

ఆదివారం ఆ గౌను తడిసిన చోట పిండి, కిటికీలో ఆరేసి, నెరిస్ రొట్టె కోసం కిందకి దిగింది. దుకాణం ఆవిడ రొట్టె పొట్లం కడుతూ, "నిన్న టీవీలో చూశాం. భలే నవ్వావమ్మా! నేనయితే చెప్పు తీసి విసిరేదాన్ని," అంది. వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వారు. నెరిస్ కూడా నవ్వబోయి, అది అదే నవ్వని తెలిసిపోయి, చిల్లర తీసుకోకుండానే పైకొచ్చేసింది.

తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల సియాన్ ఆడుకుంటోంది. సోఫా మీద ఎలుగుబంటిని, కుందేలుని, గుడ్డబొమ్మని వరసగా కూర్చోబెట్టింది. చేతిలో తల దువ్వుకునే బ్రష్షు. దాన్ని రాకెట్‌లా ఊపి, కాలు నేలకేసి కొట్టి, "శవాల్లా కూర్చున్నారేం? లేవండి!" అని అరిచింది. తర్వాత గుడ్డబొమ్మ దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుంది.

"నువ్వు నవ్వాలి. నేను అరుస్తానా, అప్పుడు నువ్వు నవ్వాలి. అమ్మ ఎలా నవ్వుతుందో చూళ్ళేదూ?"

"ఏం ఆట తల్లీ ఇది?" అంది నెరిస్.

"టెన్నిస్," అంది సియాన్, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నెరిస్ రొట్టె బల్ల మీద పెట్టి, స్నానాలగదిలోకి వెళ్ళి, తొట్టి అంచు మీద కూర్చుంది. మొగుడు అరిస్తే పడ్డాను, అది నా ఖర్మ అనుకోవచ్చు. అత్త మాటంటే పెద్దది అనుకోవచ్చు. లోకం చూసి నవ్వితే లోకులు కాకులు అనుకోవచ్చు. పిల్ల నేర్చుకుంటే ఏమనుకోవాలి? పిల్లకి నేను టెన్నిస్ నేర్పలేదు, ఈత నేర్పలేదు, మా అమ్మ భాష వెల్ష్ కూడా సరిగ్గా నేర్పలేదు, తిరగడాలతో తీరిక లేక. ఇది మాత్రం శుభ్రంగా నేర్పాను, రోజూ ముందు కూర్చోబెట్టుకుని. ఈ సిగ్గు ముందు నిన్నటి సిగ్గు ఎందుకూ పనికిరాదనిపించింది. చర్చి నుంచి వచ్చిన గ్లెనిస్ తలుపు కొట్టి, "అమ్మాయ్, గౌను తడిపావా ఏం ఖర్మ!" అని గుండెలు బాదుకునేదాకా లేవలేదు.

సోమవారం నాలుగో రౌండు. ఒకటో నంబరు కోర్టు. సియాన్‌ని ఆటగాళ్ళ పిల్లల కోసం నడిపే బడిగదిలో దింపి, నెరిస్ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. అదే గౌను. అవతల అర్జెంటీనా కుర్రాడు, మంచి ఆటగాడు. ఎమ్లిన్ మొదటి రెండు సెట్లూ గెలిచాడు. జనం వెర్రెత్తిపోతున్నారు. ఇంకొక్క సెట్ గెలిస్తే క్వార్టర్ ఫైనల్, అతని జన్మలో ఎన్నడూ చూడనిది. నెరిస్ ఆ రోజు అతని ఓటమి కోరుకోలేదు. గెలుపూ కోరుకోలేదు. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని, అతనెప్పుడు ఇటు తిరుగుతాడా అని మాత్రమే చూస్తోంది.

మూడో సెట్లో వరసగా రెండు సర్వీసులు తప్పాయి. తిరిగాడు.

"అలా చూస్తావేం?" అని అరిచాడు, రాకెట్ ఆవిడ వైపే చూపిస్తూ. "చప్పట్లు కొట్టడానిక్కూడా జీతం ఇవ్వాలా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఇబ్బందిగా నవ్వారు. నెరిస్‌కి తన బుగ్గలు పైకి లేవడం తెలిసింది. తుమ్ము వచ్చినట్టు వస్తోంది ఆ నవ్వు, అలవాటు కొద్దీ, ఎవరూ పిలవకుండా. పళ్ళ బిగువున ఆపింది. బుగ్గలు వణికాయి గానీ నవ్వు రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని కళ్ళలోకి చూసింది. అతనే ముందు చూపు తిప్పుకున్నాడు.

మధ్యలో లేవడానికి వీల్లేదు. ఆటగాళ్ళు వైపులు మారేటప్పుడే జనాన్ని కదలనిస్తారు. ఆ గేమ్ అయ్యేదాకా కూర్చుంది. ఎమ్లిన్ వెళ్ళి కుర్చీలో కూలబడి తువ్వాలు నెత్తిమీద వేసుకున్నాడు. నెరిస్ సంచి తీసుకుని లేచింది.

గ్లెనిస్ చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికి? మతిగాని పోయిందా? ఇప్పుడు లేస్తే వాడు ఓడిపోతాడు!"

"నేను లేస్తే ఓడిపోతాడా?"

"కూర్చో అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను."

"నేను లేస్తే ఓడిపోయేట్టయితే, ఇన్నాళ్ళూ గెలిచింది ఎవరు?"

గ్లెనిస్ పట్టు వదల్లేదు. నెరిస్ ఆ వేళ్ళు మెల్లగా ఒక్కొక్కటే విడదీసి, మెట్లెక్కి బయటికి నడిచింది.

ధైర్యంగా నడిచిందని చెప్పలేం. అందరూ తననే చూస్తున్నారనిపించింది, కొందరు నిజంగానే చూశారు. ఇంత ముఖ్యమైన రోజున మొగుణ్ణి వదిలేసి పోయిందంటారు. ఈ రాత్రి హైలైట్స్‌లో ఖాళీ కుర్చీ వేస్తారు. ఓడిపోతే పాపం నా నెత్తిన పెడతారు, గెలిస్తే నేను లేకపోవడమే కలిసొచ్చిందంటారు. కూర్చున్నా సిగ్గే, లేచినా సిగ్గే. కానీ ఈ రెండో సిగ్గులో ఊపిరి ఆడుతోంది. వెనక స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది. పాయింటు ఎవరికొచ్చిందో ఆ హోరులో తెలియలేదు.

బడిగదిలో సియాన్ మోకాళ్ళ మీద కూర్చుని పడవ బొమ్మకి రంగులు వేస్తోంది. తల్లిని చూసి ఆశ్చర్యపోయింది.

"నాన్న గెలిచేశాడా?"

"ఇంకా ఆడుతున్నాడు."

"మరి నువ్వొచ్చేశావేం?"

ఎండగా ఉందని చెప్పొచ్చు. తలనొప్పి అనొచ్చు. ఇలాంటివి నెరిస్ దగ్గర బోలెడున్నాయి, ఎప్పుడూ నాలుక చివరే ఉంటాయి. పిల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్న నా మీద అరిచాడు. అందుకని లేచి వచ్చేశాను."

సియాన్ రంగు పెన్సిలు ఆపింది. కనుబొమలు ముడిచి, చాలా కష్టమైన లెక్క ఏదో చేస్తున్నట్టు తల్లి మొహంలోకి చూసింది.

"అరిస్తే లేచి వచ్చేయొచ్చా?"

ఆరేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదది. అడిగిందంటే తప్పు దానిది కాదు. నెరిస్ తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది.

"వచ్చేయొచ్చు," అంది. "నాకూ ఇవాళే తెలిసింది."