పులుపు అడిగే చప్పుడు

ఆ హోటల్ వంటగది ఎంతుంటుందంటే, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వెళ్లాలి. తోడికోడళ్లిద్దరూ ఏళ్ల తరబడి అందులోనే వీపూ వీపూ రాసుకుంటూ పనిచేశారు. పెద్దకోడలు పొయ్యి వైపు, చిన్నకోడలు గట్టు వైపు. టమోటాలను సన్నసెగ మీద సగం రోజు మగ్గబెట్టి, రొయ్యల్లోకి సాసు చేసి సీసాలకెత్తడం పెద్దామె పని. వడ్డించే ముందు అందులో ఉప్పూ పులుపూ సరిచేయడం చిన్నామె పని.

నెత్తిమీద ఫ్యాను మోతకి మాటలు వినపడవు. అందుకని పెద్దామె ఒక పద్ధతి పెట్టింది. కలిపిన మనిషి రుచి చూడకూడదు. ఎవరి చేతి వంట వాళ్లకి బాగానే ఉంటుందనేది. చిన్నామె తిరగకుండానే చెంచాను వెనక్కి చాపితే, పెద్దామె నాకి చూసి అట్లకాడతో గోడకి కొట్టేది. ఒక దెబ్బకి ఉప్పు, రెండు దెబ్బలకి పులుపు. అరచేత్తో చరిచిందంటే, చాలు, పంపించెయ్యమని.

ఆమె పోయిన రోజు కూడా రెండు దెబ్బలు వినిపించాయి. చిన్నామె నిమ్మకాయ పిండింది. మళ్లీ రెండు. మళ్లీ పిండింది. మళ్లీ రెండు. "ఈవిడ నాలుకకి ఇవాళ ఏమొచ్చింది?" అని విసుక్కుంటూ ఇంకో కాయ కోసింది. ఆ తర్వాత దెబ్బలు ఆగిపోయాయి. అరచేతి చప్పుడు ఎంతకీ రాకపోతే అప్పుడు తిరిగి చూసింది. పెద్దామె గోడకి జారగిలబడి, అట్లకాడ చేతిలో ఉండగానే కూర్చుండిపోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. దెబ్బల సంగతి చిన్నామె ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి వంట చేసినంతసేపూ వీపు గోడకి ఆనించే ఉంచుతోంది.

బావగారు, అంటే పెద్దామె భర్త, తిండి దాదాపు మానేశాడు. బతిమాలితే ఒక్క పూట నాలుగు వేయించిన రొయ్యలు తింటాడు, అదీ పక్కన భార్య చేసిపెట్టి వెళ్లిన సాసు ఉంటేనే. సీసాలేమో ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. ఈ మధ్యాహ్నం రొయ్యల పళ్లెం ఆయన ముందు పెట్టి వచ్చి చూస్తే, ఆఖరి సీసా అడుగంటింది. 

"సాసేదమ్మా?" బయటినుంచి బావగారు గట్టిగా అరిచాడు.

"తెస్తున్నా బావగారూ! చల్లారకముందే మీరు మొదలెట్టండి."

అయిపోయిందంటే ఆ ఒక్క పూట కూడా మానేస్తాడు. అరలో ఏముంటే అవి దించింది. కొన్న టమోటా సాసు గిన్నెలో ఒంపింది. దాని తీపి విరగడానికి ఆవపొడి, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి వేసింది. మగ్గిన వాసన రావాలి కదా, ఎండుమిరపకాయ మంట మీద కాల్చి నలిపింది. ఖాళీ సీసాలో కాసిని నీళ్లు పోసి, గిలకొట్టి, ఆ కడుగు కూడా కలిపేసింది. మోసమే, కాదని ఎవరన్నారు? ఆయన నాలుగు ముద్దలు తింటే చాలు.

ఆ కంగారులో గోడకి ఆనుకోవడం మరిచిపోయింది. అలవాటు కొద్దీ చెంచాను వెనక్కి చాపింది. చాపాక గుర్తొచ్చి, చప్పున చెయ్యి ముందుకి లాక్కుంది. చెంచా నాకినట్టు శుభ్రంగా ఉంది.

టక్, టక్.

ఒళ్లు ఝల్లుమంది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నిమ్మకాయ పిండింది. టక్, టక్. ఇంకో బద్ద పిండింది. టక్, టక్. "ఇంకెంత పులుపక్కా..." అంటూ మరో కాయకి కత్తి పెట్టి ఆగిపోయింది. ఇంత పులుపు ఎవరూ అడగరు. ఆ రోజూ అడగలేదు.

కత్తి పడేసి వెనక్కి తిరిగింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. అట్లకాడ కొక్కేనికి వేలాడుతోంది. పళ్లేలు అందించే కిటికీలోంచి బావగారు కనిపించాడు. మొహం నల్లబడింది, నోరు తెరిచి ఉంది, మాట లేదు. రెండు చేతులూ గొంతు మీదే ఉన్నాయి.

ఒక్క పరుగున వెళ్లి ఆయన్ని ముందుకి వంచి వీపు మీద చరిచింది. లాభం లేకపోయింది. బావగారనే బెరుకు ఏమైపోయిందో, వెనకనుంచి పొట్ట చుట్టూ చేతులు వేసి, బలంకొద్దీ లోపలికీ పైకీ లాగి నొక్కింది. రొయ్య తోక ఎగిరి బల్ల మీద పడింది.

చాలాసేపు ఇద్దరికీ రొప్పు తగ్గలేదు. ఏం చేయాలో తోచక ఆమె వెళ్లి మంచినీళ్లతో పాటు ఆ గిన్నె కూడా తెచ్చిపెట్టింది.

"ఆ ఫ్యాను మోతలో నీకెలా తెలిసిందమ్మా?"

"అక్క గోడకి కొట్టింది బావగారూ. పులుపడుగుతోందనుకున్నా. ఈసారి తిరిగి చూశాను."

ఆయన నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రోజు కూడా కొట్టిందా?"

ఆమె తల దించుకునే అవునన్నట్టు ఊపింది. ఇక ఈయన తన మొహం చూడడనుకుంది. 

ఆయన గిన్నెను దగ్గరికి లాక్కుని వాసన చూశాడు. "ఇది తను చేసింది కాదు కదూ?"

"కాదు. సీసా అయిపోయింది."

ఆయన ఒక రొయ్య తీసుకుని, తోక జాగ్రత్తగా తుంచి, సాసులో నిండా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ పులుపుకి కళ్లు మూతలు పడ్డాయి, చెంపల మీద నీళ్లు కారాయి. నమిలి మింగాక ఎదుటి కుర్చీ చూపించాడు.

"కూర్చో. నువ్వూ తిందువుగాని."

ఆమె కూర్చుంది. ఖాళీ వంటగదిలోంచి, గోడ మీద అరచేత్తో చరిచిన చప్పుడు వచ్చింది. ఇద్దరూ విన్నారు.