వెర్నెల్ టోపీ

చర్చి కింద గదిలో కుర్చీలు రెండు వరసలుగా వేసి, ఇదే బస్సనుకోండి అన్నారు పాస్టరుగారు. అమెరికాలోని మాంట్‌గోమరీలో, ముందు సీట్లు తెల్లవాళ్లకే అన్న రూలుకి ఎదురుతిరిగి నల్లవాళ్లు ఏడాదికి పైగా బస్సెక్కకుండా నడిచి నడిచి, చివరికి కోర్టులో గెలిచారు. రేపు పొద్దున మొదటి బస్సు. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. కానీ తెల్లవాళ్లు ఊరుకుంటారా? అందుకే ఈ రిహార్సలు.

"తిట్టినా, ఉమ్మినా చెయ్యి లేవకూడదు. ఇక్కడ చెయ్యెత్తినవాళ్లు రేపు బస్సెక్కరు," అన్నారాయన, వెర్నెల్ వంకే చూస్తూ.

చూడరూ మరి! తెల్లవాళ్ల ఇళ్లలో ఇస్త్రీ చేసే వెర్నెల్‌కి కోపం ముక్కుమీదే ఉంటుంది. నడిచీ నడిచీ పాదాలు పుళ్లు పడ్డాయి. మొదటి బస్సులో ముందు సీటు ఆవిడకి కావాలి, అంతే. ఐదేళ్ల కిందట ఆ సీటులోంచి లేవనన్నందుకే ఆవిడ మొగుడు రూఫస్‌ని డ్రైవరు రోడ్డు మీదికి తోసేశాడు. నడుం విరిగి, మంచానపడి తీసుకుని తీసుకుని పోయాడు.

డ్రైవరు వేషం మరిది క్లీటస్‌కి పడింది. నోట్లో నాలుక లేని మనిషి.

"అమ్మా, కాస్త లేస్తారా?" అన్నాడు, ముందు కుర్చీలో కూర్చున్న వెర్నెల్‌తో. అందరూ గొల్లుమన్నారు.

"ఏమయ్యా మరిదీ, డ్రైవరువా, పెళ్లికి పిలవడానికొచ్చావా? గట్టిగా అను!" అంది వెర్నెల్.

క్లీటస్ మొహం మారిపోయింది. ఏం పూనిందో, వంగి ఆవిడ టోపీ లాగేశాడు.

"ముందు నీ టోపీ దిగుతుందా, నువ్వు దిగుతావా?"

టోపీ నేలమీద పడింది.

వెర్నెల్ చటుక్కున తలెత్తి క్లీటస్ వంక చూసింది. అవి రూఫస్‌ని తోసేసిన ఆ డ్రైవరు మాటలు. రూఫస్ సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు, పోయేముందు ఆవిడకొక్కదానికే చెప్పాడు. ఆ బస్సులో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. అప్పుడు పత్తి గోదాములో పనిలో ఉన్నానని కదూ, వీడు శవం దగ్గర ఏడ్చి చెప్పింది!

ఆవిడ చెయ్యి లేవబోయింది. పాస్టరుగారు ఒక అడుగు ముందుకేశారు. వెర్నెల్ ఆ చేతిని తొడకింద పెట్టి నొక్కి కూర్చుంది. సీటులోంచి లేవలేదు.

"వెనక సీట్లోనే ఉన్నాను వదినా," అన్నాడు క్లీటస్, నేలమీది టోపీ వంక చూస్తూ. "భయంతో నోరు పెగల్లేదు. కొట్టు, నీకు పుణ్యముంటుంది."

"కొడితే నా బస్సు పోతుంది," అంది పళ్లబిగువున. "ఆ టోపీ తియ్యి."

తీసి, దులిపి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుంది.

"నిన్ను క్షమించాననుకోకు. రేపు ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటావు. ఎవడైనా ఈ టోపీ మీద చెయ్యేస్తే, ఈసారైనా నోరు విప్పి 'ఈవిడ మా వదిన' అను."