మూడూ నలభై నుంచి నాలుగుంపావు దాకా

మా పిల్ల జడలు నేను వేసినట్టు లేవు. అనుమానం అక్కడ మొదలైంది.

పొద్దున ఏడింటికి నేను వేసే జడలు జడలే కావు. మూడు పాయలు గబగబా తిప్పి, చివర రబ్బరు బ్యాండు బిగించి, బస్సు ఎక్కించి నా పనికి పరిగెడతాను. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరి చూస్తే అవే జడలు నున్నగా, బిగుతుగా, చెవి పక్కనుంచి సన్నసన్న పాయలు కలుపుకుంటూ అల్లి ఉన్నాయి. మా అత్తగారి పనా అంటే, ఆవిడ వేళ్లు కీళ్లనొప్పులతో వంకర్లు పోయి రెండేళ్లయింది. సీసా మూత తిప్పాలన్నా నన్ను పిలవాలి. పిలవదు.

"జడ ఎవరు వేశారే?" అని అడిగాను.

"నానమ్మ" అంది పిల్ల, నా మొహం చూడకుండా బూట్ల వైపు చూస్తూ.

ఇంట్లో అందరం దాన్ని పిచ్చుక అంటాం. రోజంతా కిచకిచమనే పిల్ల. అలాంటిది ఒక్క మాటతో ఊరుకుంది.

నేను కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. అద్దం ఒక్క పిసరు పక్కకి తిరిగినా పెట్టుకున్నవాళ్లకి తల తిరుగుతుంది. పన్నెండేళ్లుగా తేడాలు పట్టుకోవడమే నా బతుకు. అందుకే ఇంట్లోనూ పట్టుకుంటానని మా ఆయన విసుక్కుంటాడు. ఆయనకేం, నాకూ వాళ్లమ్మకీ మధ్య గోడలాంటి మనిషి. రెండు పక్కలా ఎంత మాట్లాడినా ఆయనకి ఒక్క ముక్క వినపడదు.

మర్నాడూ అదే జడ. ఆ మర్నాడూ అదే. మూడోరోజు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే, చెవి దగ్గరికి వచ్చి, "చెప్పకూడదన్నారు" అంది.

"ఎవరు?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక ఎన్ని రకాలుగా అడిగినా నోరు మెదపలేదు. ఆరేళ్ల పిల్లతో చెప్పకూడదని ఎవరైనా అన్నారంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది.

బడి బస్సు నిబంధనల కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఏడాది మొదట్లో నేనే అంటించాను. మూడో తరగతి దాటని పిల్లల్ని కార్డులో పేరున్న మనిషి చేతికే ఇవ్వాలి. మనిషి లేకపోతే బస్సు ఒక్క నిమిషం ఆగుతుంది, తర్వాత పిల్లని బడికి తిప్పి తీసుకెళ్తారు. అలా మూడుసార్లు జరిగితే సీటు రద్దు. దింపిన వేళ, అందుకున్న మనిషి, అన్నీ ఆయా ఒక పుస్తకంలో రాయాలి. మా కార్డులో మా అత్తగారి పేరుంది. నాకు ఆరు దాకా పని, మా ఆయనకి ఏడు దాకా. ఆ సీటు లేకపోతే నా ఉద్యోగం లేదు.

బడికి ఫోన్ చేసి పుస్తకంలో ఏముందో చదవమన్నాను. రోజూ మూడూ నలభైకి నానమ్మ చేతికి ఇచ్చినట్టు ఉందట. మా వీధి మలుపు నుంచి ఇంటికి అయిదు నిమిషాల నడక. మా కింది వాటాలో దర్జీ ఉంటాడు, అతని మిషను కిటికీ గేటు వైపే. అతన్ని అడిగితే, "పెద్దావిడా పిల్లా నాలుగూ ఇరవైకి వస్తారమ్మా, ఈ మధ్య రోజూ అంతే" అన్నాడు.

మరి మధ్యలో పిల్ల ఎక్కడుంది? ఎవరు కూర్చోబెట్టుకుని తీరుబడిగా జడలు అల్లుతున్నారు?

బస్సు ఆయా మొహం గుర్తు చేసుకున్నాను. ముప్పై ఏళ్లుంటాయి. ఎప్పుడూ నవ్వుతుంది. అంత పొద్దున్నే అంత నవ్వు ఎందుకో అని నాకు మొదటినుంచీ ఉంది. ఆమె తన జడ కూడా చెవి పక్కనుంచే అల్లుకుంటుంది. అది గుర్తొచ్చాక ఇంక ఆగలేకపోయాను.

మా అత్తగారిని అడగొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మేమిద్దరం అప్పటికి నెలరోజులుగా ఎడమొహం పెడమొహం. డబ్బాల మూతలు తారుమారు చేసిందని నేనొక మాట అన్నాను, ఆవిడ నాలుగు అంది. ఆ రోజు నుంచి "పాలు పొంగుతున్నాయి", "తలుపు వేసుకోండి", ఇంతే మా మాటలు. పైగా ఆవిడ మీద కూడా నాకు అనుమానమే. పిల్లని ఆయాకి వదిలేసి తను ఎక్కడికో పోయి కబుర్లు చెప్పుకుంటోందని.

బడి బస్సుల మేనేజరుకి ఫిర్యాదు రాశాను. నా కూతుర్ని రోజూ ముప్పై అయిదు నిమిషాలు ఎక్కడ ఉంచుతున్నారు, పుస్తకంలో దొంగ రాతలు ఎందుకు, పిల్లతో చెప్పొద్దని ఎందుకు అంటున్నారు, ఆయా నడత మీద నాకు అనుమానం ఉంది అని. చివరి వాక్యం కింద గీత కూడా గీశాను. పొద్దున బడి ఆఫీసులో ఇచ్చి, దుకాణంలో సగం రోజు సెలవు పెట్టి, మూడున్నరకల్లా మా మలుపు దగ్గర టైర్ల దుకాణం పక్కన దొంగలా నిలబడ్డాను.

మా అత్తగారు అప్పటికే వచ్చి ఉంది. రోడ్డుకి ఇవతల, ఎప్పుడూ బస్సు ఆగే చోట, చేతిలో కార్డు పట్టుకుని. మూడూ నలభైకి బస్సు వచ్చింది. ఇవతల కాదు, అవతల వైపు వచ్చి ఆగింది. మధ్యలో నాలుగు వరసల వాహనాలు, ఒకదాని వెనక ఒకటి. మా అత్తగారు చెయ్యి ఎత్తింది. కిటికీలోంచి ఆయా కూడా చెయ్యి ఎత్తింది. బస్సు వెళ్లిపోయింది, నా పిల్లతో సహా.

అరవబోయాను. అంతలో టైర్ల దుకాణం అతను లోపలినుంచి స్టూలు తెచ్చి వేశాడు, ఆవిడ కూర్చుంది. రోజూ జరిగే పనిలా ఉంది. నేను చాటునే ఆగాను.

నాలుగుంపావుకి ఆ బస్సే కాలనీలన్నీ తిరిగి, ఈసారి మా వైపు వచ్చి ఆగింది. ఆయా పిల్లని చెయ్యి పట్టుకుని దింపి, "ఇదిగో మామ్మా, మీ సరుకు భద్రంగా తెచ్చాను" అంది. పిచ్చుక బిగుతు జడలూపుతూ దూకింది. బస్సు కదిలాక నేను బయటికి వచ్చాను.

నన్ను చూసి మా అత్తగారి మొహం తెల్లబోయింది. పిల్ల ఆవిడ వెనక్కి నక్కింది.

"ఇదేంటి అత్తయ్యా? ఎన్నాళ్ల నుంచి?"

"ఒకటో తారీఖు నుంచి. బస్సు అటు ఎందుకు ఆగుతోందో నాకు తెలియదు. మొదటిరోజు దాటబోయాను. ఒక వ్యాను మీదకి వచ్చేసింది. ఈ మోకాళ్లతో నేను పరిగెత్తగలనా? ఆ పిల్ల కిటికీలోంచి అరిచింది, దాటొద్దు మామ్మా, తిరిగొచ్చేటప్పుడు నేనే తెస్తాను అని. అప్పటినుంచీ తెస్తోంది. ఈ మధ్య దారిలో జడలు కూడా అల్లుతోంది."

"మరి నాకు చెప్పరా?"

"ఏమని చెప్పను? రోడ్డు దాటడం కూడా చేతకాదని చెప్పనా? మూతలకే అన్ని మాటలు అన్నావు." ఆవిడ పిల్ల సంచీ భుజానికి వేసుకుంది. "పిల్లతో చెప్పొద్దన్నది నేనే. నన్ను తిడతావని."

అప్పుడే ఫోన్ మోగింది. బస్సుల మేనేజరు. రేపటినుంచి ఆ ఆయా బస్సు ఎక్కదు, విచారణ ఉంది, పదింటికి రమ్మన్నాడు.

మర్నాడు మేనేజరు గది బయట బెంచీ మీద ఆయా కూర్చుని ఉంది. నవ్వలేదు.

"రోజూ పొద్దున మీ చేతుల్లోంచేగా అక్కా నేను పిల్లని ఎక్కించుకునేది. అనుమానం వస్తే నన్నే అడగొచ్చుగా" అంది.

మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఒకటో తారీఖు నుంచి సాయంత్రం బస్సు రూటు తిరగబడుతుందని, మా మలుపులో రోడ్డుకి అవతల ఆగుతుందని, పిల్లని దించుకునేవాళ్లు అటువైపే నిలబడాలని ఉంది. అడుగున, ఈ మార్పును పిల్లని దించుకునే వ్యక్తికి తెలియజేశాను అన్న వాక్యం. దాని కింద నా సంతకం.

గుర్తొచ్చింది. దుకాణంలో ఒక అద్దం పని అయ్యి ఇంకోటి అందుకునేలోగా, నిలబడి, చదివే పెట్టిన సంతకం. సాయంత్రం ఆవిడ చెవిన వేద్దామనుకున్నాను. ఇంటికి వెళ్తే ఆవిడ మొహం తిప్పుకుంది. సరే, ముందు ఆవిడే మాట్లాడాలి అనుకున్నాను. అలా అనుకుని మర్చిపోయాను.

మేనేజరు చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. "పుస్తకంలో తప్పు రాసింది కాబట్టి మీ ఫిర్యాదు ఇలాగే ఉంటే ఆమెని తీసేయాలి. మీ సీటుకి ఏమీ కాదు. తప్పు ఇంటివాళ్లదని మీరు రాసిస్తే ఆమెకి హెచ్చరికతో సరిపెడతాను. కానీ అప్పుడు స్టాపులో మనిషి లేని రోజులు పదిహేడు అవుతాయి. మూడు దాటితే ఏమిటో మీకు తెలుసుగా" అన్నాడు.

తెలుసు. ఫ్రిజ్ మీద ఉంది.

సీటు పోతే నా ఉద్యోగం ఏమవుతుందా అని లెక్కలు వేశాను. అబద్ధం ఎందుకు, ఫిర్యాదు అలాగే వదిలేద్దామని కూడా అనుకున్నాను. ఆమెకి ఇంకో బడి దొరకదా అని కూడా అనుకున్నాను. కానీ పిల్లలతో తప్పుగా నడుచుకుందన్న అనుమానంతో తీసేసిన మనిషిని ఏ బడి పెట్టుకుంటుంది? ఆ మాట రాసింది నేను, గీత గీసింది నేను. కలం తీసుకుని తప్పు నాదేనని రాశాను. అత్తగారిదని రాయలేదు. నా జీవితంలో అంత చిన్న కాగితం రాయడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఆయాని ఇంకో బస్సుకి మార్చారు. మా సీటు ఈ టర్ముకి పోయింది. బడి నడిస్తే ఇరవై నిమిషాలే, కానీ ఆ రోడ్డు దాటాలి. ఉద్యోగం మానేస్తానని నేను అన్నప్పుడు మా అత్తగారు వంటింట్లోంచి, "ఎందుకు మానడం? నేను వెళ్లి తెస్తాను. నాకు దాటడం నేర్పు" అంది. నెలరోజుల్లో ఆవిడ నన్ను అడిగిన సాయం అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం మలుపు దగ్గరికి వెళ్లాం. వాహనాలు కాస్త పలచగా ఉన్నాయి. రెండు వరసలు దాటి మధ్యలో దిమ్మె దగ్గర ఆగాం. ఆవిడ వంకర వేళ్లతో నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆవిడ నన్ను పట్టుకోవడం అదే మొదటిసారని అప్పుడు తోచింది.

"మొదటిరోజే వచ్చి, నాకు భయమేస్తోందమ్మాయ్, దాటించు అంటే దాటించేదానివా?" అంది, రోడ్డు వైపే చూస్తూ.

"దాటించేదాన్ని" అన్నాను.

ఆవిడ తల తిప్పి నా మొహంలోకి చూసింది. నేను రోజూ అద్దాల్లో తేడా వెతికే చూపు అది. ఒక లారీ పోయేదాకా ఆగి, "ఇప్పుడు వెళ్దామా?" అని నన్నే అడిగింది.