గోడ పట్టుకుని నడిచే దయ్యం

దయ్యం వేషమంటే ముఖానికి తెల్లరంగు పూసుకుంటే సరిపోదు, దయ్యంలా నడవాలి. పొద్దున్నుంచి తొమ్మిది టేకులయ్యాయి. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన సెట్లో పొగ తేలుతోంది. అంతా కలలో ఉన్నట్టే ఉంది, వేషం కట్టినవాడి కాళ్లు మాత్రం మొరాయిస్తున్నాయి.

పాతికేళ్ల కిందట తీసిన మొదటి భాగంలో ఈ దయ్యం వేషం వేసింది వాళ్ల నాన్నే. గోడకు చెయ్యి ఆనించి, తూలుతూ వసారా దాటే ఆ నడకకు హాలంతా కేకలు పెట్టిందట. నటనా, పాడా! సీసా ఖాళీ చేస్తే ఎవడైనా అలాగే నడుస్తాడు. ఆ సీసాయే చివరికి ఆయన్ను మింగింది. చుక్క ముట్టనని కొడుకు ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

"ఒక్క గుక్క వేసుకోవయ్యా, నడక దానంతటదే వస్తుంది," అంటూ దర్శకుడు గ్లాసు చేతిలో పెట్టాడు. "పులి కడుపున పిల్లి పుడుతుందా?"

గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. సిగ్గులేని నోరు ఊరింది కూడా. అతనికి నిజంగా భయమేసింది.

"ఆగరా నాన్నా," అంది మేకప్ పెద్దమ్మ. అప్పట్లో తండ్రికి రంగు పూసిందీ ఆవిడే. "ఆయన తాగే వచ్చాడు, దాచను. కానీ తూలాలని తూలలేదురా, తిన్నగా నడవాలని నానా తంటాలు పడ్డాడు. 'ఇంట్లో రోజూ చేసేదేగా అక్కా, పిల్లాడు లేవకూడదు' అన్నాడు."

పిల్లాడు లేచే ఉండేవాడు. దుప్పట్లో కళ్లు మూసుకుని, గోడ మీద అరచెయ్యి రాసుకునే చప్పుడు వినేవాడు. అడుగులు గుమ్మం దగ్గర ఆగేవి. కాసేపటికి జారిన దుప్పటి భుజం దాకా వచ్చేది. ఆ వాసనంటే అసహ్యం. ఆ చేతి కోసమే మేలుకుని ఉండేవాడు.

కొడుకు గ్లాసు బల్ల మీద పెట్టేసి, గోడకు చెయ్యి ఆనించాడు. ఎవరికీ నిద్రాభంగం కాకూడదన్నట్టు ఒక్కో అడుగే వేశాడు. మంచం దగ్గరకొచ్చి, పడుకున్న అమ్మాయి మీదికి వంగాడు.

"కట్! అద్భుతం!" దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "కానీ గొంతు నులమాలి కదయ్యా, దుప్పటి కప్పావేంటి?"

"మా ఇంటి దయ్యం అంతే సార్," అన్నాడు కొడుకు. తెల్లరంగు మీద కన్నీళ్లు చారలు కట్టాయి. పెద్దమ్మ దూది తీసుకొచ్చింది.