వంజరం చేపకు అంటిన వాసన

నేను ఒక సెంటు సీసాని. మగవాళ్లు రోజూ పనికి వెళ్లేటప్పుడు కొట్టుకునే రకం. పెళ్లిళ్లకు కొట్టుకునే ఘాటు సరుకును కాను. మొదట పీలిస్తే నిమ్మతొక్క, ఉప్పునీటి చలవ. అది కాసేపే. నీటి వాసన ఎగిరిపోయాక అప్పుడే చిత్రిక పట్టిన దేవదారు చెక్క వాసన మిగులుతుంది. చర్మాన్ని పట్టుకుని కూర్చునేది అదే. నా సరుకు ఇంతే, నేనేమీ దాచలేదు. దాచింది మనుషులు. ఆ మంటతోనే ఈ లెక్క చెబుతున్నాను.

సముద్రం ఛాయలైనా లేని ఫ్యాక్టరీలో పుట్టాను. అయినా నా ఒంటి మీద అల బొమ్మ వేసి 'సముద్రపు తాజాదనం' అని రాశారు. వాళ్లకు లాభం. విశాఖపట్నంలో కొట్టువాడు నన్ను అద్దాల అలమరలో పెట్టి అమ్మాడు. వాడికీ లాభమే. కొన్నవాడు ఎల్లాజీ. సముద్రం ఒడ్డున పుట్టినవాడు, సముద్రం వాసన పోగొట్టుకోవడానికి సముద్రం బొమ్మ ఉన్న సీసా కొన్నాడు! ఇంత తెలివితక్కువ బేరం నేను చూడలేదు.

ఎల్లాజీకి సెల్‌ఫోన్ల షోరూంలో పని. పొద్దున్నే హార్బరుకు వెళ్లి, భార్య పోలమ్మ వేలంలో కొన్న చేపలను గంపకెత్తి, తర్వాత పనికి పోతాడు. అక్కడ పక్క బల్ల దగ్గరి కిశోర్ ముక్కు మూసుకుని, "ఎల్లాజీ అన్నా, ఇవాళ ఏం కూర?" అంటాడు. అందరూ నవ్వుతారు. ఎల్లాజీ కూడా నవ్వుతాడు. నాకు ఒళ్లు మండేది ఆ నవ్వుకే. తిట్టాల్సిన చోట నవ్వి, నన్ను కొని, భార్యకు తెలియకుండా టిఫిన్ సంచీలో దాచాడు.

ఒకరోజు హార్బరులోనే నన్ను అరచేతుల్లో కొట్టుకుని మెడకు రాసుకున్నాడు. ఆ చేతులతోనే వంజరం చేపల మొప్పల్లో వేళ్లు దూర్చి, ఎత్తి, గంపలో పేర్చాడు.

పోలమ్మ దగ్గర ఎప్పుడూ కొనేది హోటల్ వంట మాస్టరు పైడిరాజు. చేపను మొప్ప ఎత్తి వాసన చూసి గాని కొనడు. ఎత్తాడు, పీల్చాడు, వదిలేశాడు.

"ఏటి పోలమ్మా, నువ్వు కూడా మందు కొట్టిన సేపలు అమ్ముతున్నావా?"

చేప పాడవకుండా మందు చల్లుతున్నారన్న మాట రేవులో అప్పటికే తిరుగుతోంది. పక్క గంపల ఆడవాళ్లు మెడలు తిప్పారు. పోలమ్మ చేప అంటే తాజా చేప అన్న పేరు తప్ప ఆమెకు వేరే పెట్టుబడి లేదు. అది నా వల్ల పోతోంది. ఎల్లాజీ బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. నోరు విప్పరా అని సంచీలో నేను ఉడికిపోయాను.

పోలమ్మ మొప్ప వాసన చూసింది. మొగుడి వైపు చూసింది. అతని చెయ్యి లాగి ముక్కుకు ఆనించుకుంది.

"మాస్టారూ, ముందు ఈ సెయ్యి సూడండి. తర్వాత సేప సూడండి."

"ఓరి నీ! సెంటురా ఇది!" అన్నాడు పైడిరాజు.

"వంజరానికి పెళ్లిసూపులే!" అని ఒక ముసలమ్మ అరిచింది. రేవంతా నవ్వింది.

"సోరూంలో నవ్వుతున్నారే" అన్నాడు ఎల్లాజీ, నన్ను సంచీలోంచి తీసి చూపిస్తూ.

"ఆళ్లు నవ్వితే, తెచ్చి నా సేపకి పూస్తావేటయ్యా?"

పోలమ్మ ఇంకా గంపకెక్కని చేపను తన చేత్తో ఎత్తి ఇచ్చింది. పైడిరాజు పీల్చి, తలూపి, తీసుకున్నాడు. మొగుడి చెయ్యి తగిలిన చేపలను మాత్రం ఆమె ఆ రోజు ఎవరికీ అమ్మలేదు.

మర్నాడు షోరూంలో కిశోర్ మళ్లీ ముక్కు మూశాడు. "ఇవాళ ఏం కూర అన్నా?"

ఎల్లాజీ నవ్వలేదు. నన్ను వాడి బల్ల మీద టక్కున పెట్టాడు.

"వంజరం. నీ ముక్కుకు ఇబ్బందైతే ఇది నువ్వే కొట్టుకో."

కిశోర్ కొట్టుకున్నాడు, ఉత్తినే వచ్చింది కదా. ఇప్పుడు షోరూం వెనక చిరిగిన అట్టపెట్టెల మధ్య ఖాళీగా పడి ఉన్నాను. అల బొమ్మ చెరగలేదు. పొద్దున్నే ఎల్లాజీ ఈ పక్కనుంచే లోపలికి వెళ్తాడు. అతని వెంట ఉప్పు, నాచు, చేప వాసన వస్తుంది. నా మీద రాసిన సరుకు అదీ!