పట్టభద్రుల తరుగు

రెండు వేల ముప్పై ఐదు కల్లా రాష్ట్రంలో ప్రతి వంద మంది పెద్దవాళ్లలో అరవై మందికి డిగ్రీ ఉండాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మంచి లక్ష్యమే. పాతికేళ్లుగా కామర్స్ పాఠాలు చెబుతున్నదాన్ని, నాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? వచ్చిన చిక్కల్లా, ఇప్పటికి ఎంతమందికి డిగ్రీ ఉందో ఎవరికీ సరిగ్గా తెలియకపోవడమే. కాబట్టి ముందు ఉన్నవాళ్లను సేకరించమన్నారు. సేకరణ అన్న మాట వినగానే పైవాళ్లకు మా జిల్లాలో ఒక్క మనిషే గుర్తొచ్చాడు. జవహర్ సార్. ఇరవై ఏళ్లు వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపినాయన. ఆయనకు వేరే పని తెలియదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

అలా సూర్యాపేట ఊరి చివర ఒక గోదాం ముందు పట్టభద్రుల సేకరణ కేంద్రం వెలిసింది. నన్ను కోదాడ దగ్గరి సర్కారు డిగ్రీ కాలేజీ నుంచి డిప్యుటేషన్ మీద, జాబితాలు రాసే పనికి అక్కడికి పంపారు. నేను పోయేసరికి టోకెన్లు పంచుతున్నారు, నేల మీద టార్పాలిన్లు పరిచి ఉన్నాయి, ఒక పక్కన వడ్లు తూచే కాంటా కూడా ఉంది.

"మనుషులకు కాంటా ఎందుకు సార్?" అన్నాను.

"రిజిస్టర్ల కాలమ్ ఉన్నది మేడం. ఖాళీ ఇడిస్తె ఆడిట్ల పరేషాన్ అయితది," అన్నాడు జవహర్ సార్.

పద్ధతి ఇదీ. డిగ్రీ ఉన్నవాళ్లు సర్టిఫికెట్లతో వచ్చి టోకెన్ తీసుకోవాలి. తూకం అయ్యాక బస్సెక్కించి మిర్యాలగూడ పంపుతారు. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో శశిధర్ అనే కాంట్రాక్టరు పరిశీలించి రశీదు ఇస్తాడు. రశీదు లేకపోతే ఇక ఏ సర్కారు దరఖాస్తుకూ ఆ డిగ్రీ పనికిరాదు.

ఈ శశిధర్ మొన్నటిదాకా ఒక రైస్ మిల్లులో మేనేజరు. నలభై కిలోల బస్తాకు తాలు అనీ మట్టి అనీ పైన రెండు కిలోలు కోసుకోవడం, దానికి తరుగు అని పేరు పెట్టడం ఆయనకు అలవాటు. అలవాటు ప్రకారమే, నలభై మందికి రశీదు కావాలంటే నలభై రెండు మందిని పంపమన్నాడు. మిగతా ఇద్దరూ తరుగు. రేపటి నుంచి వాళ్లకు డిగ్రీ లేనట్టే.

"ఆ ఇద్దరి డిగ్రీలు ఏమవుతాయండీ?" అని ఫోన్లో అడిగాను.

"తరుగు ఏమైతదో రైతు ఎన్నడన్న అడిగిండా మేడం?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. మండుతూనే ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టాను.

సోమవారం సత్తెమ్మ వచ్చింది. ఆత్మకూర్ (ఎస్) అంగన్‌వాడీలో టీచరు. పగలు పిల్లలు, గుడ్లు, పాలపొడి లెక్కలు, పొద్దు వాలాక వంట, ఆ సందుల్లోనే దూరవిద్యలో బీఏ. తొమ్మిదేళ్లు పట్టిందట. ఇప్పుడు సూపర్‌వైజర్ పోస్టులు పడ్డాయి. దానికి డిగ్రీ కావాలి, వయసు యాభై దాటకూడదు. శనివారంతో సత్తెమ్మకు యాభై నిండుతాయి. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల రశీదు జతచేసి సూర్యాపేటలోనే దరఖాస్తు ఇవ్వాలి. లేదంటే ఆ తొమ్మిదేళ్లూ వృథా.

జవహర్ సార్ ఆమె మెమోను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"తేమ ఉన్నదమ్మా. రెండు నెల్ల కింద వచ్చిన డిగ్రీ. పచ్చిది. గాడ రిజెక్ట్ చేస్తరు. మూడొద్దులు ఎండాలె."

"డిగ్రీకి తేమేంటి సార్!" అని గట్టిగానే అన్నాను.

"నాకు మాత్రం ఏం తెల్సు మేడం? పదిహేడు శాతం దాటొద్దని రాసి ఉన్నది."

మూడు రోజులు సత్తెమ్మ ఇరవై మంది కొత్త పట్టభద్రులతో కలిసి టార్పాలిన్ మీద ఎండలో కూర్చుంది. గంటకోసారి హమాలీ వచ్చి "ఇగ మర్లుండ్రి" అనేవాడు. అందరూ అటు తిరిగి కూర్చునేవాళ్లు. ఎంత చదువుకున్నా, ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. సత్తెమ్మ భర్త బుచ్చయ్య రోజూ సద్ది తెచ్చేవాడు. ఆయన రెండెకరాలు కౌలుకు చేస్తాడు, ఈ తతంగంలో ఆయనకు వింతేమీ కనపడలేదు. మబ్బు పడితే కప్పడానికి పరదాలు సరిపోతాయా అని మాత్రం అడిగాడు. బుధవారం మధ్యాహ్నం నిజంగానే జల్లు పడింది. మనుషుల మీద పరదాలు కప్పారు. ఒక మూల ఎత్తి చూస్తే సత్తెమ్మ లోపల సెల్‌ఫోన్ వెలుతురులో పరీక్ష పుస్తకం చదువుకుంటోంది.

శుక్రవారం పొద్దున నలభై రెండు మందితో బస్సు సిద్ధమైంది. తరుగు పేర్లు రెండూ నేనే రాసివ్వాలి. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేసే ఒకాయన తన పేరు తీసేయమని బతిమాలుకున్నాడు. డిగ్రీ ఉందని తెలిస్తే లోడింగ్‌లోకి రానివ్వరట. ఒక పేరు అలా దొరికింది. ఇంకొకటి కావాలి.

"వయసు పైబడ్డది, డిగ్రీ కొత్తది సూసి రాయుండ్రి మేడం. అడిగెటోళ్లుండరు," అన్నాడు జవహర్ సార్.

సిగ్గుతో చెబుతున్నాను, సత్తెమ్మ పేరు రాశాను. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుని నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

జాబితా పట్టుకుని నేనూ అదే బస్సెక్కాను. మిర్యాలగూడ హాల్లో శశిధర్ దాన్ని తీసుకుని ముందు తరుగు పేర్లే చదివాడు. మేళ్లచెరువు ఆయన దండం పెట్టి ఆనందంగా వెళ్లిపోయాడు. సత్తెమ్మ మాత్రం బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"తాలు అంటె లోపల గింజ లేంది గద సారూ. నా లోపల ఏం లేదో సూసి చెప్పుండ్రి. ఏదన్న అడుగుండ్రి."

శశిధర్ ఫారం తిరగేసి చూశాడు. "అడగనీకి దీంట్ల కాలమ్ లేదమ్మా."

"కాలమ్ లేకుంటె నేనే చెప్త. మూడో పేపర్ల ఉన్నది సారూ. మనుషుల కోసం లక్ష్యం పెట్టుకోవాలె గని, లక్ష్యం కోసం మనుషులను పెట్టుకోవద్దని. పది మార్కుల ప్రశ్న. నాకు ఎనిమిది పడ్డయ్." ఆగి, "తీసేసిన రెండు మార్కులు కూడ గిట్ల తరుగేనా సారూ?" అంది.

పాతికేళ్లలో నన్ను ప్రశ్న అడగండి అని నా ముందుకొచ్చిన విద్యార్థి ఒక్కరూ లేరు. అడుగుతానేమోనని వెనక బెంచీల్లో దాక్కున్నవాళ్లే అందరూ. అలాంటి మనిషిని నేను నా చేత్తో తాలు కింద రాశాను. జాబితా లాక్కుని ఆమె పేరు కొట్టేసి, నా పేరు రాశాను. శోభారాణి, ఎంకామ్, పీహెచ్‌డీ.

"డాక్టరేటును తాలు కింద రాయాల్నా?" శశిధర్ నోరు తెరిచాడు.

"రాయండి. ఇరవై ఏళ్ల నాటిది, బాగా ఎండింది."

"నాకైతే రెండు కావాలె. ఎవలైతేంది," అని ముద్ర వేశాడు.

మధ్యాహ్నం రెండింటికి సత్తెమ్మ చేతికి రశీదు వచ్చింది. బస్సు సూర్యాపేట చేరేసరికి మూడున్నర. దారి పొడుగునా ఆమె నా పక్కనే కూర్చుంది. దిగబోయే ముందు అడిగింది.

"ముందుగాల నా పేరు రాసింది ఎవలు మేడం?"

"నేనే."

"టార్పాలిన్ మీద మూడొద్దులు మీ ఎదురుంగనె ఉంటి. ఒక్క మాట నన్ను అడగకపోతిరి."

ఆమె దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆఫీసు వైపు పరుగెత్తింది. నాలుగూ పదికి దరఖాస్తు తీసుకున్నారని బుచ్చయ్య ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

డిప్యుటేషన్ ముగిసి సోమవారం కాలేజీకి వెళితే వేలిముద్ర మెషిన్ నన్ను తీసుకోలేదు. ప్రిన్సిపాల్ భాస్కర్ గారు పిలిపించారు.

"మీకు డిగ్రీ లేదని వచ్చిందండీ. డిగ్రీ లేనివాళ్లు పాఠం చెప్పకూడదు కదా," అని చాలాసేపు బాధపడ్డారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "అన్నట్టు, బీకాం ఫస్టియర్‌లో నలభై మంది చేరాలని మనకు టార్గెట్ ఇచ్చారు. ఒక్కరు తక్కువయ్యారు. మీకు ఇంటర్ అయితే ఉంది కదా?"

ఫారం ఆయనే నింపారు. ఫొటో కూడా ఆయన ఫోన్‌తోనే తీశారు. వెళ్లి మూడో బెంచీలో కూర్చున్నాను. పక్కనున్న అక్షిత అనే అమ్మాయి బ్యాగు జరిపి చోటిచ్చింది.

"ఇప్పుడు అకౌంటెన్సీ పీరియడ్ మేడం. చెప్పడానికి ఎవరొస్తారు?" అని మెల్లగా అడిగింది.

ఆ సబ్జెక్టుకు కాలేజీలో ఉన్నది ఒక్కటే పోస్టు. అది నాది.

అంతలో ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోకి వచ్చి, మన కాలేజీ ఈ ఏడాది లక్ష్యాన్ని నూటికి నూరు శాతం సాధించిందని ప్రకటించారు. చప్పట్లు కొట్టమన్నారు. నలభై మందిమీ కొట్టాం. ఆయన వెళ్లిపోయారు. నోటు పుస్తకాలు తెరిచి, గంట కొట్టేదాకా ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాం.